నాలుగు నాబ్‌లూ ఫుల్

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పోరు కొత్త కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే బాక్సుల మీద, సన్నాయి మేళానికి కూడా చెవులు చిల్లులు పడేలా మైకులు తగిలించే వాళ్ళ మీద ఎన్నోసార్లు రాశాను. ఈ వారం మా మేనల్లుడు కంకిపాడు వచ్చి నాకు డెత్ మెటల్ వినిపించాడు. హైదరాబాద్ బృందం గాడ్‌లెస్ 2021లో తెచ్చిన తొలి పూర్తి ఆల్బమ్, ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’.

అలవాటుగా సౌండ్ తగ్గించమన్నాను. తగ్గించాడు. గరగర తప్ప ఏమీ మిగల్లేదు.

“ఇప్పుడు పెంచుతా, డ్రమ్మర్ కాళ్ళు వినండి మామయ్యా” అన్నాడు.

పెంచగానే గిటార్లు, బేసు, రెండు పాదాలతో తొక్కే డ్రమ్ము దేనికది తేలాయి. శబ్దం తగ్గితే మన చెవికి ముందుగా అందకుండా పోయేది మంద్రం. ఈ సంగీతం నిలబడేదే మంద్రం మీద.

వాడి ప్రాణం స్వీడన్ బాణీ. స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు ఎన్‌టూమ్డ్ పేరుతో 1990లో తొలి ఆల్బమ్ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ తెచ్చారు. సన్‌లైట్ స్టూడియోలో తోమస్ స్కోగ్స్‌బెర్గ్ రికార్డు చేశాడు. గిటార్ మోతను గరగరగా మార్చే బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్‌కి ఉండేవి నాలుగు నాబ్‌లు. నాలుగూ ఆఖరిదాకా తిప్పేశారు. కోత మిల్లులో దుంగ మీద రంపం దిగినట్టుండే ఆ మోతే ఒక బాణీ అయింది. ఇంగ్లండ్‌లో నేపామ్ డెత్ 1987లో ‘స్కమ్’తో బాట వేసిన గ్రైండ్‌కోర్‌ది ఇంకో దారి: విపరీతమైన వేగం, నిమిషమైనా నిండని పాటలు.

స్వీడన్‌లో ఆ దారి పట్టినవాళ్ళలో నాసుమ్ ఒకటి. తొలి ఆల్బమ్ ‘ఇన్‌హేల్/ఎక్స్‌హేల్’, 1998. గొంతూ గిటారూ మియెష్కో టలార్చిక్‌వి. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లో సునామీకి పోయాడు, 30 ఏళ్ళకే.

ఆ తేదీ వినగానే పాట ఆపమన్నాను. ఆ ఆదివారం పౌర్ణమి. మన మంగినపూడిలో సముద్ర స్నానాలకు దిగినవాళ్ళ మీదికి వచ్చింది ఆ సునామీయే. ఆ మధ్యాహ్నం బందరు నుంచి వచ్చే ప్రతి బస్సునీ ఆపి తమవాళ్ళ కోసం అడిగినవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. ఎక్కడి స్వీడన్, ఎక్కడి కృష్ణా జిల్లా! టలార్చిక్ పోయాక మిగిలినవాళ్ళు బృందాన్ని ఆపేశారు. 2012లో వీడ్కోలు పర్యటన ఒకటి చేశారు.

మళ్ళీ పెట్టమన్నాను. ఈసారి సౌండ్ నేనే పెంచాను. అంత వేగంలో పోతూ పోతూ అందరూ ఒక్క దెబ్బకి ఆగుతారు. ఏళ్ళ సాధన లేకుండా అలా ఆగడం ఎవరి తరమూ కాదు.

డీజే బాక్సుల మీద నా పోరు సాగుతుంది. ఈ సంగీతాన్ని మాత్రం తగ్గించమని అడగను. బెజవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం నిర్వాహకులకు నా విన్నపం: గాడ్‌లెస్‌ని పిలిచి ఒక సాయంత్రం ఇవ్వండి. మంచి సౌండ్ ఇంజినీరును పెట్టండి, ఫుల్‌గా మోగనివ్వండి.