కలుపు తీసే చేతికి విలువ

కలుపు తీత అంటే నైపుణ్యం అక్కర్లేని పని అని కూలి లెక్కల్లో తేలిగ్గా రాసేస్తాం. వయ్యారిభామ మొలిచిన చామంతి మడి దగ్గర ఆ మాట నిలవదు. 1955లో పుణెలో కంటబడ్డాక దేశమంతా పాకిన ఈ అమెరికా మొక్క ఆకు, లేతగా ఉన్నప్పుడు చామంతి ఆకును తలపిస్తుంది. పని తెలిసిన ఆడకూలీ మాత్రం పొరబడదు. నేలకు పరుచుకున్న ఆకుల గుత్తి, కారెట్ ఆకులాంటి లోతైన చీలికలు, మీది సన్నని నూగు చూసి పూత రాకముందే పట్టేస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు బొరిగె మొన దించి తల్లివేరుతో సహా లాగేస్తుంది. పక్కనున్న చామంతి మాత్రం కదలదు.

‘పీకడం ఎవరికి రాదు?’ అనవచ్చు. కానీ మొదలు పైన తెగితే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. పూత ముదిరాక లాగితే గింజలు రాలతాయి. ఒక్క మొక్కే వేల గింజలిస్తుంది. మందు కొడితే సరిపోదా అంటే, గ్లైఫోసేట్ అనే కలుపుమందు దెబ్బ కలుపు మీదా చామంతి మీదా ఒకటే. పైగా వయ్యారిభామ తగిలితే కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, పుప్పొడితో తుమ్ములు, ఆయాసం వస్తాయి. కాబట్టి కలుపు తీసేవారికి చేతి తొడుగులూ, ముక్కుకు గుడ్డా, ఆ నేర్పుకు తగిన కూలీ ఇవ్వడం తోట యజమాని దయ కాదు, బాధ్యత.