దాచిపెట్టిన చెయ్యి

మా కవిత్వం నిండా ఏడుపే అంటారు కొందరు. అవును, ఉంది. లేని సుఖాన్ని ఎక్కణ్ణించి తెచ్చి రాయమంటారు? దుఃఖాన్ని కడుపులోనే దాచుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ జవాబు ఇదివరకే చాలాసార్లు చెప్పాం. మళ్లీ చెప్పడానికి ఈ వ్యాసం కాదు. మమ్మల్ని మేం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలిపోయింది. బాధ నిజమైనంత మాత్రాన కవిత నిజమవుతుందా?

కాదనే అంటున్నాం. ఎందుకో చెప్పాలంటే మా సొంత కవిత ఒకటి బయటపెట్టుకోవాలి.

ఒకప్పుడు పట్నంలో కిరాయి ఇంటికోసం తిరిగాం. టూలెట్ బోర్డు చూసి తలుపు తట్టడం, మా పేరు వినగానే ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేశామనడం, మర్నాడు చూస్తే బోర్డు అక్కడే వేలాడుతుండడం. ఆ కోపంలో కూర్చుని కవిత రాశాం. అందులో కత్తులున్నాయి, త్రిశూలాలున్నాయి, కూలిన గుమ్మటాలున్నాయి. రక్తం ఏరులై పారింది. సభలో చదివితే చప్పట్లు మోగాయి. సెక్యులర్ మిత్రులు భుజం తట్టారు. మా ఇంటామె ఒక్కతే బాగుందనలేదు. 'అంతా రాసిన్రు గని, ఆ మూడో ఇంటి సంగతి రాయలేదేంది?' అంది.

మూడో ఇంటి సంగతి ఇది. సందు మొదట్లోనే ఆమె బుర్ఖా తీసి సంచిలో పెట్టింది. పెట్టమన్నది మేమే. ఇంటాయన పేరడిగితే ఇంకో పేరు చెప్పాం. అంతలో చంకలో ఉన్న పిల్లవాడు 'అమ్మీ, పానీ' అన్నాడు. మా చెయ్యి వాడి నోటిమీదికి పోయింది.

మా కవితలో లేనిది ఆ చెయ్యి. త్రిశూలాన్ని మేం చూసింది పేపర్లో. పిల్లవాడి నోరు మూసిన చెయ్యి మాత్రం మాదే. త్రిశూలం గురించి రాస్తే మేం బాధితులం, అంతే. చెయ్యి గురించి రాస్తే బాధితులమూ అవుతాం, పిరికివాళ్లమూ అవుతాం. అది రాయడానికి సిగ్గుపడ్డాం. ఆ సిగ్గు దగ్గర మొదలుకావాల్సిన కవితను నినాదంతో కప్పేశాం.

మనిషి చేత సొంత పేరు దాచించేది, కన్నబిడ్డ నోరు మూయించేది ఎంత పెద్ద హింసో చెప్పడానికి రక్తపుటేరులు అక్కర్లేదు. ఆ చెయ్యి చాలు. మా పిరికితనాన్ని ఒప్పుకుంటే మామీద జరిగిన అన్యాయం తగ్గిపోదు. అది ఎంత లోతుకు దిగిందో అప్పుడే తెలుస్తుంది.

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందన్న ఒక్క సంగతి పట్టుకుని జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. వంద తిట్లు చెయ్యలేని పని ఆ ఒక్క గబ్బిలం చేసింది. 1993లో 'నీలిమేఘాలు'తో స్త్రీలు, 1995లో 'చిక్కనవుతున్న పాట'తో దళితులు ఎవరి అనుభవాన్ని వాళ్లే చెప్పాలని తేల్చారు. బాబ్రీ మసీదు కూల్చివేతకు ముందే, 1991లో, ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాడు. 1998లో 'జల్ జలా' సంకలనంతో మా గొంతులు ఒకచోట చేరాయి. చెప్పే హక్కును ఇలా గెలుచుకున్నాం. ఇప్పుడు అడగాల్సింది, ఆ హక్కుతో ఏం చెబుతున్నామని.

డిసెంబర్ 6 వస్తోందంటే కవిత పంపమని పత్రికల వాళ్లు అడుగుతారు. మేమూ పంపుతాం. ఏటేటా అదే గుమ్మటం, అదే ధూళి. గాయం తద్దినంగా మారిపోతోంది. 2002లో గుజరాత్ మండినప్పుడు ఇక్కడ కూర్చున్న మేం అక్కడే కాలిపోతున్నట్టు రాశాం. గుజరాత్ మీద రాయొద్దని అనడం లేదు. టీవీ ముందు కూర్చున్న మనిషిగా రాస్తే తప్పేముంది? ఆ వారం మా గల్లీలో ఎవరు చూపు తిప్పుకున్నారో, ఎవరు ఎప్పట్లా పలకరించారో అది మాకు తెలుసు. కర్ఫ్యూలో గోడమీంచి పాలగిన్నె అందించిన పక్కింటి అవ్వను, ఫిర్యాదు పలచబడుతుందని, కవితలోంచి తీసేస్తే అదీ అబద్ధమే.

ఇంకో చోట మరీ గట్టిగా నోరు కట్టేసుకున్నాం. అది మా ఇంటి లోపల. కట్నం పేరు జహేజ్ అయినంత మాత్రాన ఆడపిల్ల తండ్రి నడుం విరగకుండా ఉంటుందా? మసీదులో ఒకే వరసలో నిలబడ్డ దూదేకుల సాయిబును పెళ్లి సంబంధం దగ్గర ఎందుకు దూరం పెడుతున్నాం? ఇవి రాస్తే ఇంటిగుట్టు లంకకు చేటంటారు పెద్దలు. శత్రువు చేతికి ఆయుధం ఇస్తున్నారంటారు. మామీద ద్వేషం పెంచుకున్నవాళ్లు మా కవితలు చదివి పెంచుకోలేదు. మా మౌనం వాళ్లనుంచి మమ్మల్ని కాపాడిందీ లేదు. అది కాపాడింది మా ఇంట్లోని మగవాళ్లనే. 2005లో షాజహానా 'నఖాబ్' తెచ్చాక కూడా మేం వినబడనట్టు ఉండలేం.

అలాగని ఇంట్లో వాళ్ల దుఃఖమంతా మా సొత్తు కాదు. బుర్ఖా తీసిన బాధ మా ఇంటామెది. ఆమె సరేనన్నాకే ఇక్కడ రాశాం. చెయ్యి మాత్రం మాది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మా కవితకు జాలితో చప్పట్లు కొట్టకండి. శిల్పం లేదని పక్కన పెట్టేయకండి. మా ఇంటామె అడిగినట్టు అడగండి, ఇందులో ఏం రాయలేదని. మా తర్వాత రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేదీ ఇదే. కవిత పూర్తయ్యాక, ఏ వాక్యం రాయబోయి ఆగిపోయారో గుర్తుచేసుకోండి. అక్కణ్ణించి మళ్లీ మొదలుపెట్టండి.

మేం ఆ కవితను తిరగరాశాం. కత్తులు, త్రిశూలాలు, గుమ్మటాలు అన్నీ పోయాయి. సందు, సంచి, పిల్లవాడి దాహం, మా చెయ్యి మిగిలాయి. ఈసారి చప్పట్లు తక్కువే. కానీ ఆరోజు అమ్మీ అని పిలవనివ్వని మా కొడుకు ముందు ఇప్పుడు దాన్ని తల దించుకోకుండా చదవగలం.