అడిగి వేసే చెయ్యి

"చెల్లే, కడుపు మీద చెయ్యి పెట్టనా? వద్దంటే చెప్పు, అక్కడ్నే ఆగుత."

కాన్పులో భయపడిపోయిన బాలింతకు ఫిజియోథెరపీ చేసే మనిషి, పని తెలిసినదైతే, మొదట అనే మాట ఇలాంటిదే. వినడానికి మర్యాదలా ఉంటుంది గానీ చికిత్స అక్కడే మొదలైపోయింది. కాన్పు గదిలో చాలామంది తల్లుల మీదికి చేతులు చెప్పకుండానే వస్తాయి. ఎవరో వచ్చి లోపల పరీక్ష చేసి వెళతారు, ఎవరో కాళ్లు అదిమి పడతారు, ఇంకెవరో అరవొద్దని గద్దిస్తారు. ప్రసవ వేళ ఆసుపత్రుల్లో జరిగే ఈ అమర్యాద ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రత్యేకంగా ప్రకటన చేయాల్సి వచ్చింది. బిడ్డ క్షేమం కాబట్టి అంతా మంచే జరిగిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఆమె ఒళ్లు అలా అనుకోదు. నెల గడిచినా, పొత్తికడుపు దగ్గరికి చెయ్యి వస్తే ఊపిరి బిగబడుతుంది, తొడలు దగ్గరికి ముడుచుకుంటాయి. ఆ బిగువు మీద వ్యాయామం చేయిస్తే నొప్పి పెరుగుతుంది గానీ బలం రాదు.

తల్లి వద్దన్నాక ఆ మనిషి ఏం చేస్తుందో చూడాలి. నాకు పనితనం అక్కడే కనిపిస్తుంది. మొహం మాడ్చుకోదు, బతిమాలదు. తల్లి చేతినే ఆమె కడుపు మీద పెట్టుకోమని, తాను పక్కన కూర్చుని మాటతో నడిపిస్తుంది. కూర్చునేది కూడా కాళ్ల వైపు కాదు, తల్లికి తన ముఖమూ గది తలుపూ రెండూ కనిపించే చోట. 'కాళ్లు ఎడంగా పెట్టు' అనదు, ఆ మాట కాన్పు గదిలో విన్నదే కనుక. మోకాళ్లను ఎటు హాయిగా ఉంటే అటు వాలనియ్యమంటుంది.

తరువాత ఊపిరి. గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి మోసే కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లో ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు బాలింతలందరికీ 'బిగించు' అనే చెబుతారు. భయపడిన ఒంట్లో ఆ కండరం అప్పటికే బిగుసుకుని ఉంటుంది. అందుకే అనుభవమున్న మనిషి ముందు వదలడం నేర్పుతుంది. ఊపిరి పీల్చుకుంటుంటే కింది కండరం కిందికి జారుతుంది, వదులుతుంటే పైకి లేస్తుంది. తల్లికి ఆ కదలిక తనంతట తనకు తెలిసేదాకా తొందరపెట్టదు. ఒక్కోసారి మొదటి రోజంతా దానికే పోతుంది. ఆ రోజు వృథా అయిందని ఆమె అనుకోదు, నేనూ అనుకోను.

ఆపరేషన్ అయితే కుట్టు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. మన ఊళ్లలో కుట్టు లేని బాలింతే తక్కువన్నమాట. పైకి కనిపించేది ఒక్క గీత, లోపల కోసింది పొరలు పొరలుగా. చుట్టూ తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు. కొందరు తల్లులు ఆ గీత వైపు చూడనే చూడరు. గాయం పూర్తిగా మాని, డాక్టరు సరేనన్నాక, చాలావరకు ఆరు వారాల తరువాత, చీర మీద నుంచే, కుట్టుకు దూరంగా చెయ్యి మొదలవుతుంది. తరువాత మెత్తని దూదితో, ఆపైన వేలితో. ఎంత దగ్గరికి రావాలో తల్లే చెబుతుంది.

దుబ్బాకలో ఈ పనికి అసలు పరీక్ష. ఇది మగ్గాల ఊరు, బీడీల ఊరు. ఇక్కడి తల్లి ఒళ్లో చాట పెట్టుకుని, వంగి కూర్చుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. కండెలు చుట్టే ఆమెదీ నేల మీద పనే. 'విశ్రాంతి తీసుకో' అనే సలహా ఆ ఇంట్లో నిలవదు. అందుకని పనినే చికిత్సలోకి తేవాలి: పిరుదుల కింద మడతపెట్టిన బొంత, వీపుకు గోడ ఆసరా, చాట కింద పీట, ఒక కట్ట ముగిసినప్పుడల్లా నెమ్మదిగా ఒక ఊపిరి. ఇందులో కొనాల్సింది ఏదీ లేదు.

పురిటి స్నానం మీద నాకు గౌరవం ఉంది. ఒళ్లంతా నూనె మర్దనా చేసి, వాయిలాకు నీళ్లు నడుము మీద పోసే ఆ గంటలో ఒక మనిషి రెండు చేతులూ తల్లి కోసమే పనిచేస్తాయి. కానీ ఆ చేతులూ అడగవు. పొట్టకు కట్టే నడికట్టును మరీ బిగిస్తే ఒత్తిడి కిందికే దిగుతుంది. ఆ స్నానం పోసే పెద్దమ్మను పక్కకు నెట్టకుండా, ముట్టుకునే ముందు ఒక్క మాట అడగడం ఆమెకూ అలవాటు చేయిస్తే ఎంతో మేలు.

గాయం పడకముందే ఆపే ప్రయత్నమూ మన దగ్గర మొదలైంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ దీనికోసం ఏళ్లుగా పాటుపడ్డారు. నొప్పుల వేళ తల్లిని నడవనివ్వడం, తోడును ఉండనివ్వడం, చెప్పి చెయ్యి వేయడం ఈ చదువులో పాఠాలు.

ఇక ఇంటి దగ్గర. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆ రాకలు ముఖ్యంగా బిడ్డ కోసం. నలభై రెండో రోజున బిడ్డను తూచాక తల్లిని కూడా అడగాలి: దగ్గితే మూత్రం జారుతోందా? కుట్టు దగ్గర చెయ్యి తగిలితే ఎట్లుంటది? కాన్పు గుర్తొస్తే నిద్ర పడుతోందా? అత్తగారి ముందు కాదు, విడిగా. జవాబు రాకపోతే రెట్టించకుండా టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చి, మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పి రావాలి. బతకాలని లేదని తల్లి అంటే మాత్రం ఆమెను ఒంటరిగా వదలకుండా, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.