వి-యు.ఎస్.బి. డ్రైవరు: నేర్పు, లోపము

కంప్యూటరుకు యు.ఎస్.బి. తీగతో తగిలించు సాధనమునకు అందుకై ప్రత్యేకమైన హార్డువేరు ఉండవలెనని సామాన్య నమ్మకము. ఆస్ట్రియా దేశమునందలి ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ సంస్థవారి వి-యు.ఎస్.బి. ఆ నమ్మకమును వమ్ము చేసినది. ఎ.వి.ఆర్. జాతి మైక్రోకంట్రోలరు చేత కేవలము ప్రోగ్రాము బలముననే యు.ఎస్.బి. భాష పలికించు డ్రైవరిది. డిజిస్పార్క్ వంటి చిన్న బోర్డులు దీనిమీదనే ఆధారపడినవి. సెకనుకు 15 లక్షల బిట్లు వచ్చుచుండగా, 12 మెగాహెర్ట్జ్ గడియారము గల చిప్పునకు బిట్టొక్కింటికి 8 టిక్కులు మాత్రమే చిక్కును. అంతలోనే బిట్టును చదివి, దాచి, తరువాతి దానికి సిద్ధము కావలెను. అసెంబ్లీ భాషలోని ఆ భాగమును ఓపికతో చదివిన విద్యార్థికి ప్రోగ్రాము రచన యనగా నేమో తెలియవచ్చును.

ఈ పొదుపునకు వెల లేకపోలేదు. వచ్చిన సమాచారముతో కూడియుండు సి.ఆర్.సి. సంఖ్యను ఇది సాధారణముగా సరిచూడదు, వేళ చాలదు. ఈ సంగతిని రచయితలే దాచక చెప్పిరి, అది మెచ్చదగినది.

విద్యుత్తు మాట వేరు. 2000లో వెలువడిన యు.ఎస్.బి. 2.0 నియమముల ప్రకారము, కంప్యూటరు అంగీకరించువరకు సాధనము 100 మిల్లీ ఆంపియర్లు మించి తీసికొనరాదు. అటుపిమ్మట కోరినంత, కాని 500 లోపున. ఖమ్మం జిల్లా కుసుమంచి మండలములో పాలేరు జలాశయము క్రింది రైతునకు వంతు సంగతి క్రొత్త గాదు. వి-యు.ఎస్.బి.లో ఆ వంతు అమరిక ఫైలులో వ్రాయు ఒక అంకె. అచ్చట 100 అని వ్రాసి పెద్ద మోటారు తగిలించినను డ్రైవరు వారింపదు. ఆ తప్పు వ్రాసినవానిదే గాని డ్రైవరుది కాదు.

అసలు లోపము నిద్ర విషయమున నున్నది. తీగ 3 మిల్లీ సెకనులు నిశ్శబ్దముగా నున్నచో సాధనము నిద్రపోవలెను. అప్పుడు త్రాగదగినది మొదట చిన్న సాధనములకు అర మిల్లీ ఆంపియరు, తరువాతి సవరణతో 2.5. మేల్కొనియున్న చిప్పు ఒక్కటే దీనిని మించును. అయినను నిద్రపుచ్చు పనిని వి-యు.ఎస్.బి. చేయదు. తీగమీది కదలికలను లెక్కించు సదుపాయమొకటి యిచ్చి, తక్కినది వాడువానికే వదలినది. ఎనిమిది టిక్కుల లెక్క తెలిసినవారు ఇంతటితో నిలిచిపోవుట తగదు. బడిపిల్లలు మాదిరి ప్రోగ్రామును ఉన్నదున్నట్లు ఎక్కింతురు గదా! నిద్రలోను విద్యుత్తునిచ్చు ల్యాప్‌టాపుకు అట్టి బోర్డును తగిలించి, ఎర్రతీగలో మిల్లీ అమ్మీటరు నుంచి, కంప్యూటరును నిద్రపుచ్చి చూచినచో ముల్లు ఉన్నచోటు నుండి పెద్దగా దిగదు. బోర్డుమీద ఎడతెగక వెలుగు చిన్న దీపమును తీసివేసి మరల చూచుట కూడ మంచిది.