తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు

మంగళవారం రాత్రి ఏడూ యాభైకి మా ఇంట్లో ఒక అత్తగారు మంచిదైపోయింది.

మా ఇంట్లో అంటే మా అమ్మ చూసే టీవీలో. రెండున్నరేళ్ళుగా పాలల్లో మందు కలపడం దగ్గర్నుంచి ఆస్తి కాగితాలు మాయం చెయ్యడం దాకా కోడలి మీద ఏ ప్రయోగమూ వదలని మనిషి. గుడి మెట్ల మీద కాలు జారింది, కోడలు చెయ్యందించి లేవదీసింది, అయిపోయింది. వెనకాల వీణ మోగింది. అక్కడున్న ఆరుగురి మొహాల మీదకీ కెమెరా తలా మూడుసార్లు దూసుకెళ్ళింది. బుధవారానికల్లా ఆవిడ అదే కోడలికి గోరుముద్దలు తినిపిస్తోంది.

"ఇదెక్కడి చోద్యం? రెండున్నరేళ్ళ దుర్మార్గం నాలుగు మెట్లతో దిగిపోతుందా?" అన్నాను.

అమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఈవిడ మంచిదైంది కదా, ఇంక ఆడపడుచు చెడిపోతుంది చూస్తూ ఉండు" అంది.

గురువారం నాడు, ఇన్నాళ్ళూ వదినకి జడలేసి పూలు తురిమిన ఆ ఆడపడుచు మేడ మీదకెళ్ళి ఎవరికో ఫోన్ చేసి, "అమ్మ మెత్తబడింది, ఇక నేనే చూసుకోవాలి" అంది. అమ్మ నా వంక చూసింది. ఎనభై రెండేళ్ళ ఆ కళ్ళలో అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా చూడలేదు.

ఈ కాలమ్‌ని మొదట్నుంచీ భరిస్తున్నవాళ్ళకి ఇప్పుడేం రాబోతోందో తెలుసు. అవును, గిరీశమే. కన్యాశుల్కం మొదటి అంకంలో ఎలాంటి మాటలతో వచ్చాడో ఏడో అంకంలో అలాంటి మాటలతోనే వెళ్ళిపోయాడు. గురజాడ అతన్ని మార్చలేదు, మనకి విడతలవారీగా చూపించాడు. పాత్ర మారకూడదు, బయటపడాలి అని నేను ఎన్ని ఆదివారాలు రాశానో లెక్కలేదు. ఒక పాఠకుడైతే "మీ గిరీశానికి పింఛనిచ్చి పంపెయ్యండి సార్" అని కార్డు కూడా రాశారు. ఆ కార్డు నా బల్ల అద్దం కింద ఉంది. పింఛను మాత్రం ఇవ్వలేదు.

అయితే గిరీశానిది ఏడు అంకాల బతుకు. వారానికి ఆరు రోజులు, ఏళ్ళ తరబడి రావలసి వస్తే ఆయన పరువెంత నిలబడేదో నేను చెప్పలేను.

వారానికొకసారి వచ్చేవాటి సంగతి కొంత నయం. 'అమృతం' 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. అమృతరావుగా మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. మొహాలు మూడు, మనిషి ఒక్కడే. ఈ ఆదివారం ఎంత గోతిలో పడ్డా, వచ్చే ఆదివారానికి దుమ్ము దులుపుకుని అదే అత్యాశతో లేస్తాడు. హాస్యంలో వారం చివర లెక్క సున్నాకి రావాలి. అందుకే అందులో ఎవరూ మారనక్కర్లేదు, నటుడు మారినా మనకి పట్టింపు లేదు.

డైలీలో సున్నా ఉండదు. నిన్నటి ఏడుపు ఇవాళ్టి పద్దులోకి వచ్చి కూర్చుంటుంది. 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో తులసి మొగుడు మిహిర్‌ని చంపేస్తే దేశమంతా గగ్గోలు పెట్టింది, బతికించి తెచ్చారు. ఆ మిహిర్‌నీ ముగ్గురు నటులు మోశారు. అమెరికావాళ్ళ 'డాలస్'లో 1985లో పోయిన బాబీ 1986లో స్నానాల గదిలోంచి బయటికొచ్చాడు. మధ్యలో నడిచిన ఏడాది కథంతా పెళ్ళాం కన్న కలట. అంత ధైర్యం మనవాళ్ళకింకా రాలేదు.

ఇవన్నీ బయట నిలబడి చెప్పే మాటలు. లోపలి సంగతి నాకు కాస్త తెలుసు. ఇరవయ్యేళ్ళ కిందట ఎనిమిది నెలలపాటు ఒక డైలీకి మాటలు రాశాను. ఏ ఛానలో, ఏ సీరియలో చెప్పను. రావలసిన చివరి చెక్కు ఇంకా రాలేదు, ఆశ కూడా పూర్తిగా చావలేదు.

రేపటి సీన్ల ఆర్డరు ముందురోజు రాత్రి వచ్చేది. నేను ఊరి చివర షూటింగ్ ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని తెల్లవారుజామునే రాయడం మొదలుపెడితే, సిరా ఆరకముందే అసిస్టెంటు కాగితం లాక్కుపోయేవాడు. మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో కథ నిర్ణయించదని మొదటి నెలలోనే అర్థమైంది. డేట్లు నిర్ణయిస్తాయి. ఒక ఆర్టిస్టు నెలకి పది రోజులిస్తారు, ఇంకొకరు ఆరు. ఆరు రోజుల మనిషి చేత పెద్ద పెద్ద కుట్రలు చేయించలేం.

మా కథలో పెద్ద మావయ్య పిసినారి, నోటి దురుసు. ఆయన నోట్లోంచి వచ్చే తిట్ల మీదే ఇల్లు నడిచేది. ఆయనకి సినిమాలో వేషం తగిలింది. వ్యాపారం పనిమీద బెంగుళూరు పంపాం. రెండు నెలలు పెద్ద మావయ్య ఫోన్‌లో బతికారు. అత్తయ్య రిసీవరు చెవికి పెట్టుకుని "ఆ... అలాగేనండీ... మందులేసుకుంటున్నారా?" అనడం, పెట్టేసి అందరి వంకా ఒక్కొక్కరి చొప్పున చూడడం. తిరిగొచ్చేసరికి ఆయనకి మొహం నిండా గడ్డం. ఆ సినిమా ఇంకా అవలేదు, తియ్యడానికి వీల్లేదు. అప్పటికప్పుడు తిరుపతి మొక్కని రాశాను, మనవరాలి పెళ్ళయ్యేదాకా గడ్డం తియ్యనని. యూనిట్ అంతా మెచ్చుకుంది.

ఇబ్బంది అక్కడే మొదలైంది. వెంకన్నకి మొక్కుకున్న మనిషి పాలవాడితో పావలా దగ్గర పేచీ పెట్టుకుంటే బాగుండదు. పనివాణ్ణి తిడితే అసలే బాగుండదు. గడ్డంతో భక్తి వచ్చింది, భక్తితో నోరు మెత్తబడింది, నెల తిరిగేసరికి పెద్ద మావయ్య ఋషి అయి కూర్చున్నారు. ఇంట్లో తిట్టే మనిషి లేకుండా పోయింది.

డైరెక్టరు క్యాలెండరు ముందేసుకుని, నెలకి ఇరవై రోజుల డేట్లున్న చిన్నత్తని పిలిచారు. నూట యాభై ఎపిసోడ్లుగా ఆవిడ మా ఇంటి కామధేనువు. రైతుబజారులో ఆవిడకి కొత్తిమీర ఊరికే ఇచ్చేవాళ్ళట. రేపట్నుంచి మీరు విలన్ అనగానే ఆవిడ మొహం వాడిపోయింది. నా దగ్గరికొచ్చి, "నాకేం జరిగిందని రాస్తున్నారండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గడ్డం జరిగిందని ఎలా చెప్పను?

ఆ రాత్రి కూర్చుని ఒక కారణం అల్లాను. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలూ మరిది చదువుకి అమ్మేశారని, ఆ తర్వాత ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదని. మర్నాడు ఆవిడ కాగితం రెండుసార్లు చదువుకుని, ఏమీ అనకుండా సెట్లోకి వెళ్ళింది. భోజనాల సీను. అందరికీ వడ్డిస్తూ వచ్చి, మరిది కంచం దగ్గర గరిటె ఒక్క క్షణం ఆపింది. అది నేను రాయలేదు, డైరెక్టరూ చెప్పలేదు. ఆ గరిటె ఆగడం చూశాక, నూట యాభై ఎపిసోడ్ల నవ్వు వెనకాల మొదట్నుంచీ ఆ రెండెకరాలు ఉన్నాయని నాకే నమ్మకం కుదిరింది. పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసి చూస్తే దొరుకుతాయేమో అన్నంత నమ్మకం.

ఆ సెట్లో నాకు పాఠం చెప్పింది కంటిన్యుటీ చూసే అమ్మాయి. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చీర రంగు, బొట్టు సైజు, గాజుల లెక్క రాసుకునే నోటుబుక్కు ఆ పని చేసే ఎవరి దగ్గరైనా ఉంటుంది. ఈ అమ్మాయి దగ్గర ఇంకో పొడుగు పుస్తకం ఉండేది, కిరాణా కొట్లో అరువు పద్దులు రాసే రకం. పేజీకొక రహస్యం. పైన 'పెద్దమ్మాయి ఎవరి కూతురు' అనో 'లాకరు తాళం' అనో పేరు. మధ్యన స్కేలు పెట్టి గీత. ఎడమవైపు తెలిసినవాళ్ళు, కుడివైపు తెలియనివాళ్ళు. ఎవరికైనా సంగతి తెలిసిన రోజున కుడివైపు పేరు కొట్టేసి, ఎడమవైపు రాసి, పక్కన ఎపిసోడ్ నంబరు వేసేది. ఒకసారి నేను మావయ్య చేత అనిపించిన ఒక డైలాగు మీద వేలు పెట్టి, "సార్, మావయ్యగారు ఇంకా కుడివైపే ఉన్నారు" అంది.

పైవాళ్ళు మంచీ చెడూ తూకం వేసుకునేవారు, ఒకరు తగ్గితే ఒకర్ని పెంచి. మా అమ్మ కనిపెట్టింది ఆ తూకమే. ఆ అమ్మాయి త్రాసు వేరు. కుడివైపు ఖాళీ అయితే పేజీ చచ్చిపోయినట్టు. అది జరిగేలోగా ఇంకో పేజీ తెరుచుకోవాలి.

'కార్తీక దీపం' నడిచినన్నాళ్ళూ నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చేది. మలయాళం 'కరుత్తముత్తు'కి తెలుగు ఇది. అక్కడ మొదట కథానాయిక పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడా దీప అయింది. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో 1,500కి పైగా ఎపిసోడ్లు. అందులో ఎక్కువ భాగం ఒకే ఒక్క పేజీ: దీప తప్పు చెయ్యలేదు. ఎడమవైపు మొదటి పేరు మోనితది, దీప మొగుడు కార్తీక్‌కి, అంటే డాక్టర్ బాబుకి, పిల్లలు పుట్టరన్న అబద్ధం అల్లింది ఆవిడే కాబట్టి. కొన్నాళ్ళకి సౌందర్య వచ్చి చేరింది. నలుపంటేనే గిట్టని ఆ అత్తగారు వంటలక్క అని పేరుపడ్డ దీప పక్షాన నిలబడి కన్నకొడుకునే నిలదీసింది. అత్తగారు మారడం నేను ఒప్పుకున్న సందర్భం అదొక్కటే. ఎందుకంటే ఆవిడ దర్పం పోలేదు, గొంతు తగ్గలేదు, చీరల మడత నలగలేదు. గీత దాటి ఈ పక్కకి వచ్చిందంతే. కుడివైపు చిట్టచివరిదాకా మిగిలింది మాత్రం మనం రోజూ ఏడున్నరకి ఎవరికి తెలియాలని కూర్చున్నామో ఆయన. వృత్తి చూడబోతే గుండె డాక్టరు.

చివరికి ఆయనకీ తెలిసింది. ఇంక కథ దేనిమీద నిలబడాలి? 2022 మార్చిలో దీపనీ కార్తీక్‌నీ ప్రమాదంలో చంపేసి, వాళ్ళ కూతుళ్ళు హిమనీ శౌర్యనీ రాత్రికి రాత్రి పెద్దవాళ్ళని చేశారు. జనం ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి వంటలక్కకి బాకీపడ్డ కన్నీళ్ళు కూతుళ్ళ పేరు మీదకి బదిలీ కాలేదు. ఆ ఏడాది తిరక్కుండానే ఇద్దర్నీ వెనక్కి తెచ్చారు. దీప దీపగానే వచ్చింది. డాక్టర్ బాబు మాత్రం గతం మర్చిపోయి, మోనిత చేతిలో పడి వచ్చాడు. ఊరంతా నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆ కంటిన్యుటీ అమ్మాయి ఎక్కడుందో గాని, చూసి ఉంటే రబ్బరు తీసి ఎడమవైపు పేరు చెరిపి, ఓపిగ్గా మళ్ళీ కుడివైపు రాసుకునేది. 2024 మార్చిలో 'ఇది నవ వసంతం' అని అదే జంటతో, అవే పేర్లతో మొదలుపెట్టినప్పుడు ఆ బాధ కూడా లేకుండా చేసుకున్నారు. పాత కథ ఊసే లేదు, పుస్తకమే కొత్తది.

ఇదంతా నెమరేసుకున్నాక గుడి మెట్ల మీద నా కోపం కాస్త పలచబడింది. అక్కడా ఎవరి డేట్లో, ఎవరి గడ్డమో ఉండే ఉంటుంది. కాకపోతే గిరీశం ఊరుకోడు కదా. మనుషులు మారరు, బయటపడతారు. సరే, మరి మా అమ్మో?

మా పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు. కొత్తలో మా ఆవిడకి ఆవకాయ జాడీ ముట్టుకునే హక్కు లేదు. తడి చెయ్యి, తొందర చెయ్యి, ఉప్పు పాళ్ళు తెలియని చెయ్యి అని ఆ చేతికి అమ్మ దగ్గర చాలా పేర్లుండేవి. అయిదారేళ్ళు జాడీ అమ్మ మంచం కిందే ఉంది. ఇప్పుడు ఎండాకాలం వచ్చిందంటే కాయ కొట్టించడం నుంచి వాసెన కట్టేదాకా అంతా మా ఆవిడదే. అమ్మ కుర్చీలో కూర్చుని ఆవపిండి కాస్త అరచేతిలో వేయించుకుని, వాసన చూసి తలూపుతుంది. ఇది ఎప్పుడు జరిగింది? ఎవరూ మెట్ల మీంచి పడలేదు, ఎవరికీ పెద్ద జబ్బు చెయ్యలేదు, వీణ మోగలేదు. కారణమన్నది లేకుండా ఒక అత్తగారు నా కళ్ళెదుటే మారిపోయింది, నేను గిరీశం మీద వ్యాసాలు రాసుకుంటుండగా. సీరియలువాళ్ళదే ఒప్పు, రోజులు గడిస్తే చాలు, కారణం అక్కర్లేదు అని రాసి ఈ వారానికి ముగిద్దామనుకున్నాను.

శుక్రవారం రాత్రి ప్రకటనల మధ్య అడిగాను. "అమ్మా, నువ్వెప్పుడు మారావే?"

"నేనా? నేనెప్పుడూ ఇంతేగా" అంది రిమోటు కోసం దిండు కింద తడుముకుంటూ.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అమ్మ పడుకున్నాక మా ఆవిడ మంచినీళ్ళ చెంబు తెచ్చి పెడుతూ, పాల లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. ఏ సంవత్సరమో, ఏ నెలో, ఏ తిథో. ఆ వేళ నేను ఇంట్లో లేను, ఆ షూటింగ్ ఇంటి వెనక మెట్ల మీద ఉన్నాను. ఏం జరిగిందో, అత్తయ్య ఎందుకు మారిందో కూడా చెప్పింది. ఆ సంగతి తనకి తెలుసని అత్తయ్యకి ఇప్పటికీ తెలియదట. ఇక్కడ రాయనని మాటిచ్చాను.

అమ్మకి చిన్న అక్షరాలు ఆనవు. ఆదివారం పొద్దున్న కాఫీ అయ్యాక ఈ కాలమ్ ఆవిడకి చదివి వినిపించేది నేనే. ఈ వారం చిన్నత్త గరిటె దగ్గర ఆపేసి, మిగతాది వచ్చే వారం అని చెప్తాను.