ఎన్ని పాయింట్లు పెట్టమంటారు?

మొన్న రావులపాలెం వైపు నుంచి వస్తూ ఒక బంకులో గాలి పెట్టించాను. ఎండలో పరుగెత్తి వచ్చిన టైర్లు చెయ్యి పెడితే చురుక్కుమంటున్నాయి. కుర్రాడు నన్నడక్కుండానే మిషను మీద 35 నొక్కేశాడు. తలుపు తీసి స్టిక్కరు చూపించాను, 30 అని ఉంది. "ఏ కారుకైనా ముప్పై అయిదేనండీ, ఆయ్!" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అదే ఇంకా మండింది.

అంకెల మీద నా కచ్చ కొత్తేం కాదు. ఆ రాత్రి టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేస్తే వాడి దగ్గర కక్కేశాను.

వాడికి ఆటోక్రాస్ పిచ్చి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు ఒకదాన్నొకటి తరుముకున్నాయి చూడండి, అలాంటిది కాదు. ఏదో ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పేర్చి కార్లని ఒక్కొక్కటిగా వదులుతారు. నిమిషం అటూ ఇటూగా పని అయిపోతుంది. కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు.

వాడిది పాత మాజ్డా మియాటా, రెండు సీట్ల బండి. తలుపు మీది లెక్క 26. గట్టి మలుపుల్లో అది చాలదట, టైరు పక్కకి ఒరిగి అంచుల మీద నడుస్తుందట. అందుకని 30తో మొదలుపెడతాడు. టైరు అంచున సుద్దముక్కతో గీసి, ఒక రౌండు తిరిగొచ్చి వంగి చూస్తాడు. అక్కడ చిన్న త్రికోణం గుర్తుంటుంది. సుద్ద దాన్ని దాటి రిమ్ము వైపు చెరిగితే గాలి తక్కువైనట్టు, గుర్తుకి ఇవతలే మిగిలిపోతే ఎక్కువైనట్టు. తోక జారుతుంటే వెనకవాటిలో ఒక పాయింటు తీస్తాడు. టైరు పది డిగ్రీలు వేడెక్కితే పాయింటున్నర దాకా పెరుగుతుంది కనక అది కూడా వదులుతుంటాడు. అంతా నోటుబుక్కులో ఎక్కిస్తాడు.

సుద్దముక్క మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి మన క్లీనర్లు చేసేదీ అదే కదరా" అని అందుకున్నాను.

అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ బయల్దేరే ముందు చూడాలి. లోడెక్కి, తాళ్లు బిగించాక, క్లీనరు రాడ్డు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు. టైరుకొక దెబ్బ. గాలున్న టైరు రాడ్డుని ఎగరగొడుతుంది. లేనిది దబ్బుమని మింగేస్తుంది. వెనక జతల్లో లోపలి టైరు కంటికి ఆనదు. అది చచ్చినా పక్కది బరువు మోస్తూ బండిని నిలబెడుతుంది, చివరికి వేడెక్కి ఏ సిద్ధాంతం వంతెన దగ్గరో పేలుతుంది. అందుకని వంగి, రాడ్డు లోపలికి దూర్చి మరీ కొడతాడు. డ్రైవరు హారన్ మోగిస్తూ తొందర పెడుతున్నా, ఆ చివరి టైరు పలికేదాకా బండెక్కడు.

మేనల్లుడు అంతా విని, "ఆ దెబ్బకి 90కీ 110కీ తేడా తెలుస్తుందా మావయ్యా?" అన్నాడు.

తెలీదు. క్లీనరుకి కావలసింది టైరు బతికుందా లేదా అన్నంతవరకే. కారు రేడియల్ టైరు సంగతి వేరు. సరిగ్గా గాలున్నప్పుడూ అది కింద కాస్త ఉబ్బే ఉంటుంది, నాలుగైదు పాయింట్లు పడిపోయినా అలాగే కనిపిస్తుంది. కాలితో తన్ని "బాగానే ఉందండీ" అనే పెద్దమనుషులకి వాళ్ల చెప్పు గట్టిదని తప్ప ఏమీ తెలియదు. వాడి సుద్దయినా అంతే. ఎన్ని పాయింట్ల దగ్గర అంత చెరిగిందో రాసుకోకపోతే వచ్చేవారం మళ్లీ మొదటికే.

పైగా స్టిక్కరు మీది 30 చల్లటి టైరుకి చెప్పిన లెక్క. కాలుతున్న టైరులో 35 పెడితే చల్లారాక 32 దగ్గరికి దిగుతుంది. అంటే బంకులో నేను తగువు పడింది రెండు పాయింట్ల కోసం. కుర్రాడు ఇదంతా లెక్కేసుకుని నొక్కాడని మాత్రం నేననుకోను.

"పందెమయ్యాక ఇంటికెళ్లేటప్పుడు ఎంత ఉంచుతావురా?" అనడిగాను.

"26కి దింపేస్తాను మావయ్యా, స్టిక్కరు మీద ఎంతుంటే అంత."

మర్నాడు అమలాపురంలో ఒక గేజి కొన్నాను. ఆ తెల్లవారి బండి కదలకముందే పెట్టి చూశాను. మూడు టైర్లు 32. నాలుగోది, చూపుకి మిగతావాటిలాగే ఉన్నది, 27. మేకు దిగింది.