ఆర్ అండ్ బి

మొన్న ఆదివారం మా మనవడు చెవుల్లో తెల్లబిళ్ళలు దోపుకుని, అరుగు మీద కూచుని తల ఊపుతున్నాడు. ఏం వింటున్నావురా అంటే, "ఆర్ అండ్ బి తాతయ్యా" అన్నాడు. గన్నవరంలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన ఆర్ అండ్ బి ఒక్కటే. రోడ్లూ భవనాలూ కట్టేవాళ్ళు పాటలు కట్టడం ఎప్పుడు మొదలెట్టారా అని అడిగాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వి, రిథమ్ అండ్ బ్లూస్ అని విడమరిచి, ఒక బిళ్ళ తీసి నా చెవిలో పెట్టాడు.

పాడుతున్నది మడ్డీ వాటర్స్ అట. మిసిసిపీ డెల్టాలో, స్టోవాల్ అనే కామందు పత్తిచేలో పనిచేసిన నల్లవాడు. 1943లో చికాగో చేరాడు. అక్కడి తాగుడు గదుల గోలలో మామూలు గిటారు ఎవరికీ వినపడక కరెంటు గిటారు పట్టాడు. నల్లవాళ్ళ రికార్డుల జాబితాను బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్ రికార్డ్స్' అని వేరే వాడలో పెట్టేది. అందులో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ మాట మీద 1949లో దాన్ని రిథమ్ అండ్ బ్లూస్ అన్నారు. మరో అయిదేళ్ళకు రే చార్లెస్ చర్చి పాట వరసలో ప్రేమపాట పాడితే భక్తులు మండిపడ్డారు.

డెల్టా, పత్తి, 1943. వింటుంటే మనసు కృష్ణ దాటి పొన్నెకల్లు పోయింది. బుర్రకథకుడు షేక్ నాజర్ ఊరది. దూదేకుల ఇంటి బిడ్డ, ఆత్మకథ పేరే 'పింజారి'. ఆయన్ని జనంలోకి తెచ్చిన ప్రజానాట్యమండలి పుట్టింది కూడా 1943లోనే. అప్పటిదాకా బుర్రకథ అంటే జంగంకథ, ఇల్లిల్లూ తిరిగి గింజలడిగే విద్య. దానికి కరువునీ కూలినీ ఎక్కించి, ఒక వంతకు హాస్యం, ఇంకో వంతకు రాజకీయం అప్పగించారు. నాజర్‌కు పద్మశ్రీ 1986లో గానీ రాలేదు.

నేను చూసింది నాజర్‌ని కాదు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు మా గన్నవరంలో రెండోసారి గెలిచిన 1962 ఎన్నికలప్పుడు వచ్చిన ఓ బుర్రకథ దళాన్ని. పెట్రోమాక్సు వెలుగులో కథకుడు తంబురా భుజానేసుకుని ముందుకీ వెనక్కీ చిందేస్తుంటే, చేతి అందెలు ఘల్లుమంటుంటే, గుమ్మెటల మోత నా పొట్టలో వినిపించింది. ఇంటికి రాబుద్ధి కాలేదు. పక్కన మా తాత మాత్రం కండువా దులిపి లేచాడు. "మైకు పెట్టి ఈ అరుపులేవిట్రా! కథంటే జంగందేవర మన వాకిట్లో నిలబడి చెప్పాలి" అన్నాడు. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. మా తాత ఛాదస్తానికి నేను నవ్వుకున్నాను.

పెళ్ళిళ్ళలో డీజే బాక్సుల మీద నా పగ మీకు తెలిసిందే. ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. కిందటి మాఘమాసంలో కూడా మా వీధి ఊరేగింపులో ఆ మోతకు కిటికీ అద్దాలు వణికాయని రాశాను. అదే ఊరేగింపులో బాక్సుల ముందు మా మనవడు చిందేశాడు. వాడికీ పొట్టలోనే వినిపించి ఉంటుంది.

తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రి పది దాటాక మాత్రం కట్టేయండి బాబూ, మా పక్కింట్లో బాలింత ఉంది.